జిమ్నీ ముందు కాయిల్ స్ప్రింగ్ గూడు వదలకుండా: కొలత, అడుగు క్లాంపు, బిగింపు

కంపెనీ నుంచి వచ్చిన మారుతీ సుజుకీ జిమ్నీలో ముందు కాయిల్ స్ప్రింగ్‌ను ఏ బోల్టూ పట్టుకుని ఉండదు. కింద యాక్సిల్ (ఇరుసు) మీద ఒక కప్పు, పైన ఛాసిస్ బ్రాకెట్‌లో ఒక రబ్బరు సీటు. ఈ రెండింటి మధ్య నొక్కుకుపోయి నిలబడుతుంది, అంతే. బండి బరువే దానికి తాళం. షాక్ (షాక్ అబ్జార్బర్) పూర్తిగా సాగి చక్రం వేలాడినప్పుడు కూడా స్ప్రింగ్ ఇంకా కాస్త నొక్కుడులోనే ఉండేట్టు కంపెనీవాళ్లు పొడవులు కుదిర్చారు కాబట్టి మామూలు బండికి ఇది చాలు. పొడవైన షాక్ వేసిన రోజు ఆ లెక్క మారుతుంది. ఒక చక్రం గట్టెక్కి రెండోది గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులవుతుంది, కప్పులోంచి పక్కకు జరుగుతుంది. చక్రం మళ్లీ నేలను తాకేసరికి కప్పు అంచు మీద కూర్చుంటుంది, లేదా పూర్తిగా బయటికి వచ్చేస్తుంది.

ఇది గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), విడి షాక్, విడి కాయిల్ ఉన్న బండ్ల సమస్య. మన దగ్గర దొరికేవాటిలో 2023 నుంచి అమ్ముతున్న అయిదు తలుపుల జిమ్నీ దీనికి సరైన ఉదాహరణ. 2020 తర్వాతి థార్‌కు ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్. అందులో స్ప్రింగ్ షాక్ మీదే కూర్చుని ఉంటుంది గనుక ఈ గొడవ లేదు. జిప్సీకి కమాన్ పట్టీలు, దాని సంగతి వేరే. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో ముందు షాక్ స్ప్రింగ్ మధ్యలోంచే పోతుంది, కాబట్టి స్ప్రింగ్ వదులైనా ఎగిరిపోయి ఎక్కడో పడదు. పాత జీప్ చెరోకీలో అడుగు చుట్టును పట్టే చిన్న క్లిప్పు, దానికో బోల్టు కంపెనీయే ఇచ్చింది. కింద చెప్పే పని ఆ క్లిప్పుకు బంధువే.

తప్పు పొడవులో ఉంటే క్లాంపు ఏమీ చేయలేదు

గట్టి స్ప్రింగ్ వేస్తే జారదని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. లెక్క సులువు కోసం ఒక్కో ముందు స్ప్రింగ్ మీద 260 కిలోలు పడుతున్నాయి అనుకోండి. మిల్లీమీటరుకు 2 కిలోల స్ప్రింగ్ ఆ బరువుకు 130 మి.మీ. దిగుతుంది. మిల్లీమీటరుకు 2.6 కిలోల గట్టి స్ప్రింగ్ 100 మి.మీ. మాత్రమే దిగుతుంది. రెండూ బండిని ఒకే ఎత్తులో నిలబెట్టాలంటే, బరువు లేనప్పుడు గట్టి స్ప్రింగ్ 30 మి.మీ. పొట్టిగా ఉండి తీరాలి. అంటే అదే షాక్‌తో వేలాడినప్పుడు గట్టి స్ప్రింగ్ 30 మి.మీ. ముందే వదులైపోతుంది. ఉక్కు బంపరు, వించి బరువు కోసం గట్టి స్ప్రింగులు వేసి, ఆ తర్వాత బంపరు తీసేసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. బండి ఎత్తుగా నిలబడుతుంది, స్ప్రింగ్‌లో నొక్కుడు తక్కువ.

స్ప్రింగ్ మీద స్పేసర్ (మందపాటి దిమ్మ) పెట్టి ఎత్తు పెంచడం ఈ ఒక్క విషయంలో కాస్త మేలు. స్పేసర్ మందం అంతా స్ప్రింగ్ పొడవుకు కలిసినట్టే. కానీ దానితోపాటు పొడుగు షాక్ కూడా వేస్తే కలిసొచ్చింది మళ్లీ పోతుంది.

కాబట్టి మొదట ఖాళీ ఎంతో కొలవాలి. క్లాంపు సంగతి తర్వాత.

కొలత: స్ప్రింగులు తీసి, షాకులు ఉంచి

కావలసినవి: కనీసం 2 టన్నుల ట్రాలీ జాకీ, వీలైతే రెండు. స్టాండులు రెండు. వెనక చక్రాలకు ముందూ వెనకా పెట్టడానికి నాలుగు చెక్క దిమ్మెలు. టేపు, వెర్నియర్, టార్క్ రెంచి, తెల్ల పెయింట్ మార్కరు, ఒక బకెట్ నీళ్లు, బ్రష్షు. ఇంకొకటి, గుప్పెడు చపాతీ పిండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

గట్టి సిమెంటు నేల మీద మాత్రమే చేయండి. తారు రోడ్డు మీద ఎండలో స్టాండు కాలు దిగిపోతుంది. ట్రాన్స్‌ఫర్ లీవరు 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే స్థానం), హ్యాండ్ బ్రేకు బిగించి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టండి. ముందు చక్రాల నట్లు నేల మీద ఉన్నప్పుడే అర చుట్టు వదులు చేయండి. జాకీతో లేపి, స్టాండులను ఛాసిస్ పట్టాల కింద, లీడింగ్ ఆర్ములు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కట్టే పొడుగు చేతులు) ఛాసిస్‌కు కలిసే బ్రాకెట్ల వెనకగా పెట్టండి. యాక్సిల్ కింద స్టాండు పెడితే ఈ పని కాదు, ఎందుకంటే యాక్సిల్‌నే పైకీ కిందికీ ఆడించాలి. చక్రాలు తీశాక ఛాసిస్‌ను గట్టిగా పక్కలకు ఊపండి. ఇప్పుడు కదిలితే స్టాండులు మార్చండి, బండి కింద చెయ్యి పెట్టాక కాదు.

యాక్సిల్ కింద జాకీ ఆనించి ఉంచుకునే స్టెబిలైజర్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు, షాక్ కింది బోల్టులు తీయండి. ఆ తర్వాత యాక్సిల్‌ను కొంచెం కొంచెంగా దించండి. ఇక్కడ తొందర పనికిరాదు. బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, యాక్సిల్ బ్రీదర్ పైపు (లోపలి గాలి వదిలేది), ముందు హబ్‌లకు వెళ్లే వాక్యూమ్ పైపులు, ఇవన్నీ ఛాసిస్ నుంచి యాక్సిల్‌కు దిగేవే. ప్రతి 20 మి.మీ.కి ఆగి ఒక్కోదాన్ని చూడండి. బిగుసుకుంటే దాని క్లిప్పు విప్పండి. జిమ్నీలో వాక్యూమ్ పైపు లాగబడి ఊడితే ముందు హబ్‌లు కలవవు, ఫోర్ వీల్ దీపం మెరుస్తూనే ఉంటుంది. స్ప్రింగ్ మార్పించాక 4హెచ్ (ఫోర్ వీల్) పడటం లేదంటే మొదట చూడాల్సింది ఈ పైపునే, గేర్‌బాక్సును కాదు. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కట్టే అడ్డ కడ్డీ) అడ్డొచ్చి యాక్సిల్ ఒక పక్కకు లాగుతుంటే దాని ఒక కొస విప్పితే సరిపోతుంది.

యాక్సిల్ తగినంత దిగాక స్ప్రింగ్ చేత్తోనే వచ్చేస్తుంది. రాకపోతే రాడ్డుతో పెకలించకండి. ఇంకా నొక్కుడు మిగిలి ఉందని అర్థం, అది తన్నిందంటే వేళ్లు మిగలవు. ఎడమదేదో కుడిదేదో, పైకొస ఏదో పెయింటుతో రాయండి. కొన్ని బండ్లకు, కొన్ని బయటి కిట్లకు రెండు వైపుల స్ప్రింగులూ ఒకటి కావు.

ఇప్పుడు స్ప్రింగులు లేకుండా షాకులు మళ్లీ బిగించండి. విప్పిన పాన్‌హార్డ్ రాడ్డునూ కలపండి. ఒక వైపు యాక్సిల్‌ను బంప్‌స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తాకేదాకా జాకీతో లేపండి, రెండో వైపు షాక్ ఆపేదాకా వేలాడనివ్వండి. స్ప్రింగులు అక్కడే ఉంటే ఇంత లేపేలోపే ఛాసిస్ స్టాండు మీంచి లేచిపోతుంది. అందుకే తీసి కొలవాలి. వేలాడే వైపు కప్పు నుంచి పై బ్రాకెట్ దాకా ఎంత ఉందో కొలవండి. తర్వాత రెండు వైపులా ఒకేసారి వేలాడదీసి కొలవండి. ఏది ఎక్కువైతే అదే మీ అంకె. షాక్, స్ప్రింగ్ పక్కపక్కనే ఉన్నా ఒకే గీత మీద ఉండవు. యాక్సిల్ ఏటవాలుగా ఉన్నప్పుడు షాక్ దగ్గర ఒక కొలత, స్ప్రింగ్ దగ్గర మరొకటి వస్తుంది. కిట్ డబ్బా మీద రాసిన షాక్ పొడవును నమ్ముకుని కూర్చుంటే ఈ తేడా కనబడదు.

మీరు స్టెబిలైజర్ లింకులు విప్పి నడుపుతారా, ఉంచి నడుపుతారా? ఎలా నడుపుతారో అలాగే ఉంచి కొలవండి.

స్ప్రింగ్‌ను సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి ఎత్తు కొలవండి. పై రబ్బరు మందం విడిగా కొలవండి. ఉదాహరణకు కప్పు నుంచి బ్రాకెట్‌కు 372 మి.మీ., రబ్బరు 8, స్ప్రింగ్ 345 వచ్చిందనుకోండి. 372 లోంచి 353 తీసేస్తే మిగిలిన 19 మి.మీ. మీ ఖాళీ. తీసివేత సున్నా కంటే తక్కువ వచ్చిందా, స్ప్రింగ్ ఎప్పుడూ పట్టులోనే ఉంటుంది. క్లాంపు అక్కర్లేదు, కొస సరిగ్గా కూర్చోబెట్టి మూసేయండి.

ఎంత ఖాళీకి ఏ మందు

జిమ్నీలో ముందు బంప్‌స్టాప్ స్ప్రింగ్ లోపలే, పైనుంచి వేలాడుతూ ఉంటుంది. మనకు ఇది పెద్ద వరం. అడుగు చుట్టు కప్పులో కదలకుండా ఉంటే, పై చుట్టు సీటు వదిలి కిందికి దిగినా బంప్‌స్టాప్ దాని మధ్యలోనే ఉంటుంది. చక్రం పైకి వచ్చేటప్పుడు ఆ బంప్‌స్టాపే దారి చూపించి స్ప్రింగ్‌ను మళ్లీ సీటులోకి తెస్తుంది. బంప్‌స్టాప్ లేని చోట కొన్ని బండ్లకు పైన కూచిగా ఉండే కోన్ వేస్తారు, అదీ చేసేది ఇదే పని. పూర్తిగా వేలాడినప్పుడు బంప్‌స్టాప్ ఇంకా కనీసం 20 మి.మీ. అయినా స్ప్రింగ్ లోపలే ఉండాలి. రబ్బరు చిరిగిపోయి సగం మిగిలిన బంప్‌స్టాప్‌తో ఈ లెక్క నడవదు, ముందు దాన్ని మార్చండి.

ఖాళీ 25 మి.మీ. లోపు ఉంటే అడుగు క్లాంపు చాలు. 25 నుంచి 40 మధ్య ఉంటే క్లాంపుతోపాటు లిమిట్ స్ట్రాప్ (యాక్సిల్ మరీ కిందికి దిగకుండా ఆపే పట్టీ) కట్టి, ఖాళీ 25 దాటకుండా వేలాటాన్ని ఆపండి. 40 దాటిందంటే షాక్, స్ప్రింగ్ ఒకదానికొకటి కుదిరిన జత కాదు. పొట్టి షాకో పొడుగు స్ప్రింగో తెచ్చుకోవాలి. ఈ హద్దులు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు, పని మీద కుదిరినవి. మీ బంప్‌స్టాప్ పొడవును బట్టి ఇంకా తగ్గించుకోవచ్చు గానీ పెంచకండి.

రెండు కొసలూ బిగించేస్తే పోలేదా అంటే, పోదు. పైనా కిందా కట్టేస్తే చక్రం వేలాడినప్పుడు యాక్సిల్ బరువు స్ప్రింగ్‌ను లాగుతుంది. ఇది నొక్కుడుకు చేసిన స్ప్రింగ్. లాగితే క్లాంపు పక్కనే చుట్టు వంగుతుంది, రోజూ వంగితే అక్కడే విరుగుతుంది. పైగా స్ప్రింగ్ యాక్సిల్‌ను పైకి పట్టి ఉంచుతుంది కాబట్టి పొడుగు షాక్‌తో వచ్చిన వేలాటం కూడా పోతుంది. కింద పట్టు, పైన దారి. రెండు చోట్లా పట్టు కాదు.

క్లాంపు చేయించడం

క్లాంపు మోసేది స్ప్రింగ్ సొంత బరువు, దాని కుదుపు మాత్రమే. బండి బరువు దాని మీద పడదు. అందుకని లావు బోల్టులు, అరచేతి మందం పట్టీలు వద్దు. స్ప్రింగ్ ఉక్కు మీద గాటు పడకూడదు, లోపల దేనికీ తగలకూడదు. జాగ్రత్త అంతా ఈ రెండింటి మీద పెట్టండి.

ఒక్కో వైపుకు కావలసినవి:

- 32 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ పట్టీ, 60 నుంచి 70 మి.మీ. ముక్క
- ఎం10 బోల్టు ఒకటి, 8.8 గ్రేడు, తల పలచగా ఉండేది. గట్టి వాషర్లు రెండు, కొత్త నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది) ఒకటి
- మడమ కోసం ఇనుప ముక్క, ఎత్తు కొలిచి చేయించేది
- 3 మి.మీ. గోడ ఉన్న, లోపల నూలు అల్లిన రబ్బరు హోసు ముక్క, 40 మి.మీ.

ఆకారం ఇలా ఉంటుంది. పట్టీ ఒక కొస అడుగు చుట్టు తీగ మీద ఆనుతుంది, దీన్ని ముక్కు అందాం. రెండో కొస కింద మడమ, అది కప్పు అడుగున నిలబడుతుంది. బోల్టు ఆ మడమలోంచే కిందికి పోతుంది. లేత్ షాపులో మిషన్ బల్ల మీద చెక్కే ముక్కను పట్టే క్లాంపు లాంటిదే, బోల్టు చోటు మాత్రం వేరు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలో ఏ టర్నర్‌కు చూపించినా చేసిస్తాడు. కానీ మడమ ఎత్తు మాత్రం మీరే కొలిచి ఇవ్వండి.

ఆ ఎత్తు లెక్క: వెర్నియర్‌తో తీగ మందం కొలవండి, పెయింటుతో సహా. 12.6 మి.మీ. వచ్చిందనుకుందాం. తీగ పైన హోసు గోడ 3 మి.మీ. మొత్తం 15.6. అందులోంచి అర మిల్లీమీటరు తగ్గించి మడమను 15.1 చేయించండి. బోల్టు బిగించినప్పుడు మడమ కప్పును తాకి బిగుసుకుంటుంది. ముక్కు హోసును అర మిల్లీమీటరు నొక్కి ఆగుతుంది. బోల్టు బిగువంతా ఇనుము మీద ఇనుము. మడమ పొట్టిగా చేస్తే బిగువంతా రబ్బరు మీద పడుతుంది. రబ్బరు వారంలో అణిగి, బోల్టు వదులై, "టక్ టక్" మొదలవుతుంది. మడమ పొడుగైతే ముక్కు తీగను తాకనే తాకదు. అర మిల్లీమీటరే కదా అని టర్నర్ సర్దేస్తే అతని ముందే వెర్నియర్ పెట్టి చూడండి. ముక్కు అంచులన్నీ ఫైలుతో గుండ్రంగా చేయించాలి. కోసుగా ఉన్న అంచు హోసును కోసి తీగ మీద గీత పెడుతుంది. ఆ గీత దగ్గరే స్ప్రింగ్ పగులుతుంది.

ముక్కును చుట్టులో ఎక్కడ ఆనించాలి? కొస దగ్గర కాదు. కొన్ని స్ప్రింగుల్లో కొస దగ్గర రెండో చుట్టు మొదటిదానికి బాగా దగ్గరగా ఉంటుంది, పట్టీకి చోటుండదు. మరీ దూరం పోతే ఆ చుట్టు కప్పును వదిలి పైకి లేచి పనిచేసే భాగం. అక్కడ పట్టితే స్ప్రింగ్ కదిలిన ప్రతిసారీ క్లాంపు మీద తీగ రుద్దుకుంటుంది. కొస నుంచి దాదాపు సగం చుట్టు దూరంలో, తీగ కప్పులో పూర్తిగా కూర్చున్న చోటు చూసుకోండి.

డ్రిల్ విషయంలో ఒక్క తప్పు చేసినా యాక్సిల్ పోతుంది. కప్పు అడుగున ముందే బోల్టుకు సరిపోయే రంధ్రం ఉంటే దాన్నే వాడండి. లేకపోతే, కింద నట్టు పట్టేంత ఖాళీ ఉన్న చోట మాత్రమే రంధ్రం వేయాలి. కప్పు రేకు యాక్సిల్ గొట్టాన్ని ఆనుకుని ఉన్న చోట, వెల్డింగ్ గీత మీద, దాని పక్కన డ్రిల్ పెట్టొద్దు. గొట్టానికి తూటు పడితే ఇనప రజను నేరుగా డిఫరెన్షియల్ ఆయిల్‌లోకి పోతుంది. వర్షాకాలం వాగు దాటితే నీళ్లూ పోతాయి. మొదట 4 మి.మీ. బిట్, తర్వాత 10.5. అంచులు ఫైలు చేసి, జింకు ప్రైమరు, పైన పెయింటు. నీళ్లు పోయే రంధ్రాన్ని మడమతో మూసేయకండి. ఎక్కడా చోటు దొరకని బండికి మీ మోడల్ కోసమే చేసిన రెడీమేడ్ రిటెయినర్ కొనడం మేలు. యాక్సిల్ గొట్టానికి వెల్డింగ్ పెట్టించే ఆలోచన మానుకోండి, వేడికి గొట్టం వంగితే చక్రం కోణమే మారిపోతుంది.

ఇక చపాతీ పిండి. స్ప్రింగ్ వేయకముందే క్లాంపును దాని చోట బిగించి, బోల్టు తల మీద, పట్టీ మీద బొటనవేలంత పిండి ముద్దలు పెట్టండి. పైన కొంచెం నూనె రాయండి. జాకీతో ఆ వైపు యాక్సిల్‌ను బంప్‌స్టాప్ ఆనేదాకా లేపి, మరికాస్త నొక్కి, దించండి. ముద్ద మీద బంప్‌స్టాప్ అచ్చు పడితే మిగిలిన మందం కొలవండి. గట్టిగా పడినప్పుడు ఆ రబ్బరు ఇంకా అణిగి ఉబ్బుతుంది కాబట్టి కనీసం 10 మి.మీ. మిగలాలి. తగ్గితే, నట్టు పైన వచ్చేట్టు పెట్టి ఉంటే బోల్టును తిరగేసి తల పైన, నట్టు కింద వచ్చేట్టు పెట్టండి. లేదా క్లాంపును కప్పు గోడ వైపు జరపండి. ఇది చూసుకోకుండా కప్పు మధ్యలో నిటారు బోల్టు పెట్టిన బండ్లలో, బోల్టు కొస బంప్‌స్టాప్‌ను తొలిచేసి కొన్నాళ్లకు రబ్బరు ముక్కలు కప్పులో కనిపిస్తాయి. దారి చూపాల్సినదాన్నే క్లాంపు తినేసినట్టు.

కూర్చోబెట్టి బిగించడం

కప్పును బ్రష్షుతో, నీళ్లతో కడిగి ఆరనివ్వండి. గింజంత రాయి స్ప్రింగ్ కింద ఇరుక్కున్నా తీగ పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. పై రబ్బరు ఒక చోట కోసుకుపోయి ఉంటే మార్చండి.

షాక్ కింది బోల్టు తీసి యాక్సిల్ దించండి. స్ప్రింగ్ పైకొసను బంప్‌స్టాప్ మీదుగా ఎక్కించి, అడుగు కొసను కప్పులోని మెట్టుకు ఆనేట్టు తిప్పండి. కొసకూ మెట్టుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే పర్వాలేదు. కొస మెట్టెక్కి కూర్చుంటే మాత్రం బండి ఆ పక్క కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లినా కారణం దొరకదు. హోసు ముక్కను పొడవునా చీల్చి తీగ మీద తొడగండి, చీలిక కిందికి ఉండాలి, తీగకూ కప్పుకూ మధ్య రబ్బరు రాకూడదు. క్లాంపు పెట్టి బోల్టును చేత్తో బిగించండి. స్ప్రింగ్ ఇంకా మెట్టు దగ్గరే ఉందో లేదో చూసి, 45 న్యూటన్ మీటర్లకు బిగించండి. నైలాక్ నట్టు ఒకసారి వాడిందైతే పక్కన పడేయండి. ఎం10 అయిదు రూపాయల వస్తువు కదా అని ఏ గ్రేడూ రాయని బోల్టు వేస్తే ఈ బిగువుకే సాగొచ్చు.

యాక్సిల్ లేపి షాక్, స్టెబిలైజర్, పాన్‌హార్డ్ బోల్టులు చేత్తో మాత్రమే తిప్పి వదిలేయండి. రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టునైనా బండి నేల మీద నిలబడ్డాకే పూర్తి బిగువుకు తేవాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే బుష్ మెలి తిరిగిన స్థితిలోనే పట్టుకుపోతుంది, త్వరగా చినుగుతుంది, బండీ ఎత్తుగా నిలబడుతుంది. వాటి బిగువు అంకెలు సర్వీస్ మాన్యువల్ ప్రకారం పెట్టండి. చక్రాల నట్లు 100 న్యూటన్ మీటర్లు, నక్షత్రం వరసలో.

బండి దించాక స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. స్టీరింగ్ రాడ్డు, పాన్‌హార్డ్, బ్రేకు హోసు క్లాంపుకు ఎంత దూరంలో పోతున్నాయో చూడండి. కప్పు బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొస ఉంటే రెండు మరలు మిగిల్చి కోసేయండి. ఇంకోసారి పిండి ముద్ద, ఈసారి ముక్కు మీద, రెండో చుట్టు కింద. ఆ చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి దించండి. ముద్ద పూర్తిగా చితికి తీగ అచ్చు లోహం దాకా పడితే రెండో చుట్టు పట్టీని కొడుతోంది. ముక్కు పలచన చేయాలి, లేదా చుట్టు వెంట కొంచెం జరపాలి.

చివరగా తెల్ల మార్కరుతో రెండు గీతలు గీయండి. ఒకటి నట్టు మీదుగా అది ఆనిన లోహం దాకా, ఇంకొకటి స్ప్రింగ్ తీగ మీంచి కప్పు అంచు దాకా.

లిమిట్ స్ట్రాప్ కట్టాల్సి వస్తే

పొరలు పొరలుగా కుట్టిన నైలాన్ లేదా పాలిస్టర్ స్ట్రాప్ కొనండి. సామాను కట్టే రాచెట్ బెల్టు ముక్క పనికిరాదు, గొలుసు అసలే వద్దు. గొలుసు ఒక్కసారిగా ఆపుతుంది, ఆ దెబ్బ బ్రాకెట్‌ను చింపుతుంది. స్ట్రాప్ బరువు పడితే అడుగు పొడవుకు అంగుళం దాకా సాగుతుంది, పొడవు ఎంచుకునేటప్పుడు ఆ సాగుడు తీసేసుకోవాలి. రెండు చక్రాలూ గాల్లోకి లేచే నడకే మీ భయమైతే యాక్సిల్ మధ్యలో ఒక స్ట్రాప్ చాలు, అడ్డదిడ్డం నేలలో వంగే స్వేచ్ఛ పోదు. ఒక్కో చక్రం వేలాటాన్నే ఆపాలంటే రెండు వైపులా రెండు కావాలి, స్ప్రింగ్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. సైలెన్సర్ పైపుకు, టైరుకు తగలకుండా చూసుకోండి.

ఎక్కడ చెడుతుంది

రాళ్ల మీంచి దిగగానే ఒక్క "టక్" వినిపిస్తే పై చుట్టు సీటులోకి తిరిగొచ్చిన చప్పుడు. క్లాంపు ఉన్నా ఇది వస్తుంది, పై రబ్బరు ఉంటే మెత్తగా, అరిగితే గట్టిగా. ప్రతి గుంతకూ రెండు మూడు సార్లు వస్తే అడుగు వదులైంది. స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు స్ప్రింగ్‌ది కాదు, పాన్‌హార్డ్ బుష్ చూడండి.

స్ప్రింగ్ మీది గీత కప్పు గీత నుంచి జరిగిందంటే హోసు అణిగిందని, లేదా మడమ పొట్టిదని. ఇంకాస్త బిగిస్తే సరిపోతుందనుకోకండి, మడమ మళ్లీ చేయించండి. పై చుట్టుకు లోపలి వైపు పెయింటు ఒకే పక్క లేచిపోతే స్ప్రింగ్ బంప్‌స్టాప్‌ను రుద్దుకుంటోంది. ఎత్తు పెంచిన బండిలో పాన్‌హార్డ్ రాడ్ సర్దకపోవడంతో యాక్సిల్ పక్కకు జరిగి ఉండొచ్చు.

హోస్ క్లిప్పులు, నైలాన్ టైలు, ఇనుప తీగ చుట్టడం, ఇవన్నీ మొదటి బురద దాకా ఉంటాయి. స్క్రూ ఉన్న హోస్ క్లిప్పు మరీ ప్రమాదం, దాని పలచని పట్టీ తీగ మీద గాటు పెట్టి మరీ తెగుతుంది. స్ప్రింగ్‌ను వెల్డింగ్ చేయడం, గ్యాస్ మంటతో వేడి చేసి వంచడం, ఒక చుట్టు కోసేయడం చేసిన స్ప్రింగ్‌ను తుక్కు కింద అమ్మేయండి. వేడి తగిలిన చోట ఉక్కు గుణం పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఇబ్బంది వచ్చేది ప్రధానంగా లిఫ్ట్ కిట్‌తో. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేదీ దాని గురించే.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 తర్వాత ఒకసారి గీతలు చూడండి. ఆ తర్వాత ప్రతి ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక బండి కడిగేటప్పుడు చూస్తే చాలు. నల్లరేగడి బురదలో తిరిగిన రోజు మాత్రం ఆరకముందే కప్పుల్లోకి నీళ్లు కొట్టండి. ఎండిందంటే అది క్లాంపు చుట్టూ ఇటుకలా బిగుస్తుంది, అడుగు రంధ్రం మూసుకుపోతుంది, తడి లోపలే ఉండి హోసు కింద తీగ తుప్పు పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. అందుకని ఏడాదికోసారి బోల్టు విప్పి, హోసు ముక్క తీసి, తీగను గుడ్డతో తుడిచి గోరుతో తడమండి. గోరు ఎక్కడైనా పట్టుకుంటే ఆ స్ప్రింగ్‌ను, దాని జతను కలిపి మార్చండి.